ఫ్రిజ్‌లో రెండు సీసాలు

మా చుట్టాల్లో ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ముందు నా వాట్సాప్‌కే వస్తుంది. నేను చదివేది మెకానికల్ థర్డ్ ఇయర్. అయినా "వాడు ఇంగ్లీషు చదువుతాడు కదా" అన్న ఒక్క అర్హత మీద సగం మందికి నేనే డాక్టర్ని, నేనే మెడికల్ షాపుని. థైరాయిడ్ రిపోర్టులో హెచ్ అని ఉంటే హై అని, ఎల్ అని ఉంటే లో అని చెప్పి, "డాక్టర్‌కి చూపించండి" అనడంతో నా వైద్యం అయిపోతుంది. మీలో చాలామందిది కూడా ఇదే ఉద్యోగం అని నాకు తెలుసు.

ఈ దసరాకి ముందు వచ్చింది మాత్రం రిపోర్టు కాదు. ఒక చిన్న గాజు సీసా ఫొటో. పంపింది మా పెద్దమ్మ కొడుకు, కరీంనగర్‌లో ఉండే అన్న. రెండేళ్ల నుంచి కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తయారవుతున్నాడు. పోయిన నోటిఫికేషన్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. దాని మీద లాంగ్ జంప్, షాట్‌పుట్. రోజూ తెల్లవారుజామున గ్రౌండ్‌లో ఉరికీ ఉరికీ మడమ వెనక నొప్పి పట్టుకుంది. నాలుగు నెలలైనా పోలేదు. డాక్టర్ చూసి ఆకిలిస్ టెండినోపతి అన్నాడట. ఉరకడం తగ్గించు, చెప్పిన వ్యాయామాలు చెయ్యి, కనీసం మూడు నెలలు పడుతుంది అని పంపించాడు.

మూడు నెలలు అన్న మాట అన్నకి నచ్చలేదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు, వయసు మాత్రం ఆగదు. అప్పుడే జిమ్‌లో ఒకాయన ఈ సీసా ఇచ్చాడు. పెప్టైడ్ అట. పొట్ట దగ్గర చిన్న సూదితో వేసుకుంటే పన్నెండు రోజుల్లో లేచి ఉరుకుతావని చెప్పాడట. ఫొటో కింద అన్న వాయిస్ మెసేజ్: "తమ్మీ, గిదేందో జర చూసి చెప్పు. పనిచేస్తదా చెయ్యదా, గంతే."

ఆ "గంతే" దగ్గరే నేను రెండు వారాలు ఇరుక్కుపోయాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. మన హాస్టళ్ల చుట్టుపక్కల జిమ్ముల్లో కూడా ఈ మాట వినిపిస్తోంది కాబట్టి మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

సెలవులకి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ సీసాని నిజంగా చూశాను. ఫ్రిజ్ తలుపు అరలో ఉంది. దాని పక్కనే పెద్దబాపు ఇన్సులిన్ సీసా. రెండూ ఒకే ఎత్తు, రెండింటికీ రబ్బరు మూత. మా పెద్దమ్మకి రెండూ "సూది మందులే". ఒక రకంగా ఆమె అన్నది తప్పు కాదు. ఇన్సులిన్ కూడా పెప్టైడే. అమైనో ఆమ్లాలు పూసల్లా వరసగా గుచ్చుకుంటే వచ్చే గొలుసు పెప్టైడ్. గొలుసు బాగా పొడుగైతే ప్రొటీన్ అంటాం. ఇన్సులిన్‌లో 51 పూసలు. అన్న సీసాలో ఉందని చెప్పే బీపీసీ-157లో 15. కాబట్టి "పెప్టైడ్‌లు మంచివా, చెడ్డవా" అన్న ప్రశ్నకి అర్థం లేదు. అది "స్క్రూలు మంచివా" అని అడిగినట్టు. ఏ పెప్టైడ్, ఎవరు చేశారు, ఎవరి మీద పరీక్షించారు అన్నదే అసలు సంగతి.

సీసాలు తిప్పి చూశాను. పెద్దబాపు సీసా మీద అక్షరం దూర్చడానికి చోటు లేదు. కంపెనీ పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, మిల్లీలీటరుకి 40 యూనిట్లు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఎమ్మార్పీ. అన్న సీసాలో అడుగున తెల్లటి పొడి. మీద మెరిసే స్టిక్కర్, పేరు, 5 మిల్లీగ్రాములు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు అని.

"అన్నా, ఇది చదివినవా?"

"గది అందరు రాస్తరంట తమ్మీ. కేసు కాకుండ."

కేసు కాకుండా అన్నది నిజమే. ఎవరి మీద కేసు కాకుండా అన్నదే అన్న ఆలోచించలేదు.

ముందు సీసాలో ఉందంటున్న పదార్థం సంగతి. 1990ల మొదట్లో క్రొయేషియాలో, జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో ప్రెడ్రాగ్ సికిరిచ్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. జీర్ణరసంలో ఉండే ఒక ప్రొటీన్ ముక్క అని, శరీరాన్ని కాపాడే పదార్థం అని పేరు పెట్టారు. ఆ పేరులోని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే బీపీసీ. అప్పట్నుంచి ఎలుకల మీద పరీక్షలే పరీక్షలు: పొట్టలో పుండ్లు, కండరాల గాయాలు, లిగమెంట్లు. 2003లో వచ్చిన ఒక పేపర్ మా అన్నకి నేరుగా సంబంధించింది. ఎలుకల ఆకిలిస్ టెండన్‌ని కోసేసి, ఈ పెప్టైడ్ ఇస్తే, ఇవ్వని ఎలుకల కన్నా బాగా అతుక్కుందని చెప్పింది. తర్వాత తైవాన్‌లో వేరే వాళ్లు కణాల స్థాయిలో పరిశీలించి, టెండన్ కణాలు చురుగ్గా కదులుతున్నాయనీ, కొత్త రక్తనాళాలు పుట్టడానికి ఇది దోహదం చేస్తోందనీ రాశారు. అయినా మొత్తం పేపర్లలో ఎక్కువ భాగం ఒకే నగరం నుంచి, ఒకే బృందం నుంచి వచ్చినవి.

ఇవన్నీ అబద్ధాలు అని నేను అనడం లేదు. చదువుతుంటే నాకూ ఆశ పుట్టింది. కానీ మెకానికల్ వాడిని కదా, ఒక చోట ఆగిపోయాను. ఎలుక టెండన్‌ని బ్లేడుతో కోశారు. మా అన్న టెండన్‌ని ఎవరూ కొయ్యలేదు. అది నెలల తరబడి, వేల అడుగుల లోడు పడీ పడీ లోపల్లోపల పాడైంది. కత్తిరించిన రాడ్డుకీ, ఫెటీగ్‌తో పగులు పట్టిన రాడ్డుకీ తేడా మనం సెకండ్ ఇయర్‌లోనే చదువుకున్నాం. రెండూ విరగడమే, కానీ కారణం వేరు, మరమ్మత్తు వేరు. శుభ్రంగా కోసిన కుర్ర ఎలుక టెండన్ అతుక్కుందంటే, ఇరవయ్యారేళ్ల మనిషికి అరిగిపోయిన టెండన్ బాగవుతుందని లెక్క తేలినట్టు కాదు.

సరే, మనుషుల్లో ఏముంది? ఇక్కడికి వచ్చేసరికి పేజీలు ఖాళీ అవుతాయి. అజిత్రోమైసిన్ కనిపెట్టిన క్రొయేషియా కంపెనీ ప్లివా, పేగుల జబ్బు ఒకదానికి దీన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. అది మందుగా మాత్రం బయటికి రాలేదు. 2015లో 42 మంది ఆరోగ్యవంతులతో ఒక భద్రతా పరీక్ష రిజిస్టర్ అయింది. అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రీలో దాని పేజీ ఇప్పటికీ ఉంది. ఫలితాల చోటు ఖాళీ. 2021లో మోకాలి నొప్పికి ఈ ఇంజెక్షన్ తీసుకున్న 16 మంది గురించి ఒక చిన్న పేపర్ వచ్చింది. చాలామందికి తగ్గిందన్నారు. కానీ పోల్చి చూడటానికి ఉత్తి నీళ్ల సూది వేసిన రెండో గుంపు లేదు. నొప్పి అన్నది ఎలాగూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడే మనం సూదికి ఒప్పుకుంటాం. ఆ తర్వాత తగ్గితే పేరు సూదికి వస్తుంది.

జిమ్ ఆయన చెప్పిన "పన్నెండు రోజుల్లో తగ్గిన" వాళ్ల సంగతీ అంతే. తగ్గినవాడు నలుగురికి చెప్తాడు. తగ్గనివాడు డబ్బు పోయిందని ఇంట్లో కూర్చుంటాడు. వాడి మాట మన దాకా రాదు.

"మరి ఎలుకలకి ఏం కాలే కదా? ఎంత డోసు ఇచ్చినా చావలేదంట" అన్నాడు అన్న. నిజమే, ఆ పేపర్లలో అలాగే ఉంది. అప్పుడు నేను ఇంకో పెప్టైడ్ కథ చెప్పాను. టెరిపారటైడ్ అని, ఎముకలు బోలు పడిన వాళ్లకి ఇచ్చే మందు. మన ఒంట్లోని పారాథైరాయిడ్ హార్మోన్‌లో మొదటి 34 పూసలు. దాన్ని పరీక్షించేటప్పుడు ఎలుకలకి ఎముక క్యాన్సర్ వచ్చింది. మరోవైపు 1637 మంది మహిళల మీద, ఉత్తి సూదితో పోల్చి చేసిన పరీక్షలో ఎముకలు విరగడం తగ్గింది. 2002లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, కానీ ప్యాకెట్ మీద నల్ల గీతల పెట్టెలో క్యాన్సర్ హెచ్చరిక రాయమంది. వాడిన మనుషుల్లో ఎంతమందికి ఆ క్యాన్సర్ వస్తోందో ఏళ్ల తరబడి లెక్కపెట్టారు. ఎలుకల్లో కనిపించిన భయం మనుషుల్లో కనపడలేదు. 2020లో ఆ పెట్టె తీసేశారు.

అంటే ఎలుక భయపెట్టిన చోట మనిషికి ఏమీ కాలేదు. ఎలుకకి ఏమీ కాని చోట మనిషికి ఏమైనా కావచ్చు, కాకపోనూ వచ్చు. అది తేలింది ఎలుకల వల్ల కాదు, పద్దెనిమిదేళ్లు ఎవరో లెక్క రాసిపెట్టడం వల్ల. బీపీసీ-157 విషయంలో కూడా అలాంటి భయం ఒకటుంది. కొత్త రక్తనాళాలు గాయానికి మంచివే. ఒంట్లో ఎక్కడైనా చిన్న కణితి మొదలై ఉంటే దానికీ అవే కావాలి. ఈ మందు క్యాన్సర్ తెస్తుందని ఎవరూ తేల్చలేదు. తేదని తేల్చడానికి కావాల్సిన ఏళ్ల లెక్కా ఎవరూ రాయలేదు.

ఇదంతా ఆ పదార్థం గురించి. కానీ సీసాలో ఉన్నది ఆ పదార్థమేనా అన్నది వేరే ప్రశ్న, నాకైతే ఇంకా పెద్ద ప్రశ్న.

పెప్టైడ్‌ని తయారుచేసే పద్ధతిని 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించాడు. దానికే 1984లో నోబెల్ వచ్చింది. చిన్న ప్లాస్టిక్ పూసకి మొదటి అమైనో ఆమ్లాన్ని అంటించి, దానికి రెండోది, దానికి మూడోది తగిలిస్తూ పోతారు. 15 అమైనో ఆమ్లాలంటే 14 అతుకులు. ఒక్కో అతుకు 99 శాతం సరిగ్గా పడిందనుకుందాం. మనకి రిలయబిలిటీలో సిరీస్ సిస్టమ్ లెక్క తెలుసు కదా: 0.99ని పద్నాలుగుసార్లు గుణిస్తే 0.87. అంటే వందలో 13 గొలుసులు తప్పు గొలుసులు. అతుకు 98 శాతమే పడితే 75కి దిగుతుంది. 95 అయితే సగం కూడా మిగలదు. ఈ తప్పుడు గొలుసుల్ని ఏరి పారేయడమే అసలు ఖర్చుతో కూడిన పని. మన హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల ఫ్యాక్టరీల్లో మన సీనియర్లే చేసే పని అది. వాళ్లని అడగండి, ఒక బ్యాచ్‌కి ఎన్ని కాగితాలు రాయాలో చెప్తారు.

అన్న ఫోన్‌లో సీసాతో పాటు వచ్చిన సర్టిఫికెట్ పీడీఎఫ్ ఉంది. 99 శాతం స్వచ్ఛత అని ఒక గ్రాఫ్. ఆ గ్రాఫ్ నిజమే అనుకున్నా, అందులో కనిపించేది గొలుసుల సంగతే. చచ్చిన బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం ఆ గ్రాఫ్‌లో కనపడదు. దానికి వేరే పరీక్ష. సూక్ష్మజీవులు లేవని చెప్పడానికి ఇంకో పరీక్ష. సీసాలో నిజంగా 5 మిల్లీగ్రాములే ఉన్నాయా అన్నది మరో కొలత. నోటితో మింగే దానికైతే పొట్టలో యాసిడ్ అనే కాపలా ఉంది. సూది ఆ కాపలాని దాటేసి నేరుగా లోపలికి పోతుంది. సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబరు ఉంది. సీసా మీద లేదు. ఆ కాగితం ఈ సీసాదే అని ఎలా నమ్మాలి?

స్వచ్ఛత అన్నది చాదస్తం కాదని పెద్దబాపు సీసా చరిత్రే చెప్తుంది. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ వేశారు. చక్కెర కొంచెమే తగ్గింది, సూది వేసిన చోట గడ్డ లేచింది. ఆపేశారు. అందులో ఇన్సులిన్ లేక కాదు, మలినాలు ఎక్కువై. జేమ్స్ కాలిప్ అనే బయోకెమిస్ట్ రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ వేశారు. ఈసారి పనిచేసింది. ఆ అబ్బాయి ఇంకో పదమూడేళ్లు బతికాడు. పదార్థం అదే, పన్నెండు రోజుల తేడా.

"చూశినవా, వాళ్లు గూడ ప్రయోగమే చేశిండ్రు కదా" అన్నాడు అన్న వెంటనే. మంచి ప్రశ్నే. కానీ ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలకి మిగిలింది చావు ఒక్కటే. పోగొట్టుకోవడానికి ఏమీ లేని చోట తెలియని మందు వెయ్యడం వేరు. మూడు నాలుగు నెలల్లో వ్యాయామంతో తగ్గే అవకాశం బాగా ఉన్న మడమ నొప్పికి వెయ్యడం వేరు. పైగా ఆ అబ్బాయికి ఏ రోజు ఎంత ఇచ్చారో, ఏమైందో ఆసుపత్రిలో రాసిపెట్టారు. వందేళ్ల తర్వాత కరీంనగర్‌లో కూర్చుని మనం దాని గురించి మాట్లాడుకోగలుగుతున్నది అందుకే.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియా కథ ఉంది. ఈ పెప్టైడ్‌ల మాట వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది అదే. మెల్‌బోర్న్‌లో ఎసెండన్ అని పాత ఫుట్‌బాల్ క్లబ్. 2012 సీజన్‌లో ఆటగాళ్లు త్వరగా కోలుకోవాలని క్లబ్బే ఒక సప్లిమెంట్ల కార్యక్రమం పెట్టింది. ఇంజెక్షన్లు వేశారు. ఆటగాళ్లు ఒప్పంద పత్రాల మీద సంతకాలు చేశారు. 2013 ఫిబ్రవరిలో విషయం బయటపడింది. ఇచ్చిన వాటిలో థైమోసిన్ బీటా-4 అనే నిషేధిత పెప్టైడ్ ఉందన్నది ఆరోపణ. ఇప్పుడు జిమ్ముల్లో టీబీ-500 పేరుతో అమ్మేది దాని చుట్టమే.

విచారణలో తేలిన ఘోరం ఏమిటంటే, ఏ ఆటగాడికి ఏ రోజు ఏం వేశారో చెప్పే సరైన రికార్డులు క్లబ్ దగ్గర లేవు. 2015లో లీగ్ ట్రిబ్యునల్ ఆధారాలు చాలవని వదిలేసింది. వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అప్పీలుకి వెళ్లింది. 2016 జనవరిలో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం 34 మంది ఆటగాళ్లని దోషులని తేల్చి రెండేళ్ల నిషేధం వేసింది. కెప్టెన్ జోబ్ వాట్సన్ 2012లో గెలిచిన బ్రౌన్‌లో మెడల్ వదులుకోవాల్సి వచ్చింది. నిషేధం సంగతి పక్కన పెట్టండి. తమ ఒంట్లోకి ఖచ్చితంగా ఏం వెళ్లిందో చూపించే కాగితం వాళ్లకి లేదు. రేపు ఏ జబ్బు వచ్చినా, "దాని వల్లేనా?" అన్న ప్రశ్న వాళ్లని వదలదు. డబ్బూ డాక్టర్లూ ఉన్న క్లబ్ ఆటగాళ్ల పరిస్థితే అది. వీధి చివర జిమ్‌లో మనకి సూది ఇచ్చేవాడు ఏ పుస్తకంలో రాస్తాడు?

బీపీసీ-157ని కూడా వాడా 2022లో నిషేధించింది. అన్న ఏ పోటీల్లోనూ ఆడడు కాబట్టి ఆ జాబితాతో తనకేం పని అనొచ్చు. నేను చూపించింది నిషేధాన్ని కాదు, ఆ జాబితాలో దాన్ని పెట్టిన అరని. ఎస్-జీరో అనే అర అది. ఏ దేశపు ఆరోగ్య సంస్థా మనుషుల చికిత్సకి అనుమతించని పదార్థాలు ఉండే చోటు. 2023 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఫార్మసీల్లో కలిపి ఇచ్చే మందుల విషయంలో దీన్ని భద్రతా ప్రమాదాలున్న వర్గంలో చేర్చింది. కారణాలుగా చెప్పింది మనం పైన అనుకున్నవే: ఒంట్లో రోగనిరోధక శక్తి తిరగబడే వీలు, తయారీలో మలినాలు, మనుషుల్లో భద్రతకి సరిపడా సమాచారం లేకపోవడం.

ఇంత చెప్పాక అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అయితే పనిచెయ్యదంటవ్?"

"పనిచెయ్యదని కూడ ఎవరికీ తెల్వదన్నా. ముప్పై ఏళ్ల సంది ఎవ్వరు పూర్తిగ కొలిచి చూడలే. నువ్వు ఏసుకుంటే కూడ ఎవరు కొలవరు."

"మరి నేనేం చెయ్యాలె? కూసోవాల్నా?"

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఊరికే "వద్దు" అనడం సులువు. అందుకే డాక్టర్ రాసిచ్చిన వ్యాయామాల కాగితం తీయించాను. దాని వెనకా ఒక కథ ఉంది. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ డాక్టర్. ఆయనకే ఆకిలిస్ నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పై డాక్టర్ ఒప్పుకోలేదట. టెండన్ పూర్తిగా తెగితే అప్పుడైనా చేస్తారు కదా అని మెట్టు అంచున నిలబడి మడమని కిందికి దించే వ్యాయామం కసిగా మొదలుపెట్టాడట. తెగలేదు సరికదా, తగ్గింది. 1998లో 15 మంది రన్నర్లతో దాన్ని పేపర్‌గా రాశాడు: మోకాలు చాపి పదిహేనేసి మూడుసార్లు, మోకాలు వంచి పదిహేనేసి మూడుసార్లు, రోజుకి రెండు పూటలు, మొత్తం 180, పన్నెండు వారాలు. ఆ 15 మందీ మళ్లీ పరుగులోకి వచ్చారు.

అన్న పట్టేశాడు. "గది పదిహేను మందే, ఇది పదహారు మంది. దీనికి తప్పేంది?" నేను ఇంజనీర్నని వాళ్లమ్మ అనుకుంటుంది గానీ, అసలు ఇంజనీరు ఆయనే. నిజమే, 15 మంది అంటే రుజువు కాదు. కానీ ఆ పేపర్ తర్వాత ఊరుకోలేదు. ఆ వ్యాయామం ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి వేరే దేశాల్లో వేరే వాళ్లు మళ్లీ మళ్లీ చేసి చూశారు. అందరికీ అంత బాగా రాలేదు, కొందరికి నొప్పి మిగిలిపోయింది, అదీ రాశారు. 2015లో డెన్మార్క్‌లో 58 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈ వ్యాయామం, ఇంకో గుంపుకి జిమ్‌లో బరువులతో నెమ్మదిగా చేసేది ఇచ్చి, ఏడాది దాకా చూశారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. చిన్న పరీక్షతో మొదలవడం తప్పు కాదు. దాని తర్వాత మెట్టు ఎక్కారా, అక్కడే కూర్చున్నారా అన్నదే తేడా.

అన్న ఆ సీసాని ఏం చేస్తాడో నేను అడగలేదు. డబ్బులు పెట్టి కొన్నది, పారెయ్యమనడానికి నేనెవర్ని? డాక్టర్ దగ్గరికి ఈసారి సీసా కూడా తీసుకెళ్లి చూపిస్తానన్నాడు. నాకు అది చాలు. నొప్పి తగ్గితే ఉద్యోగం, తగ్గకపోతే ఇంకో ఏడాది. ఆ లెక్కలో ఉన్న మనిషి ఆశపడటాన్ని నేను వెక్కిరించలేను. వెక్కిరించాల్సింది ఆ ఆశకి ధర కట్టి, చిన్న అక్షరాల వెనక దాక్కున్నవాళ్లని.

చివరగా మీకు ఒక్క పని చెప్తాను. మన దేశంలో మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, రోగులు కూడా చెప్పొచ్చు. డాక్టర్లు నింపే ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎవరైనా మీకు ఇలాంటి సీసా ఇస్తే సూది తెరవకముందు ఆ ఫారం ఒకసారి నింపి చూడండి. మందు పేరు దగ్గర ఏదో ఒకటి రాస్తారు. తర్వాత తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, డోసు, ఏ జబ్బుకి ఇచ్చారు అని వరసగా గళ్లుంటాయి. పెద్దబాపు ఇన్సులిన్‌కి అవన్నీ రెండు నిమిషాల్లో నిండాయి. అన్న సీసాకి పేరు రాశాక నా పెన్ను అక్కడే ఆగిపోయింది.